మడతల్లో దాగిన ఆరో వంతు

మొన్న మధ్యాహ్నం సౌదీలో, ఖతీఫ్‌లోని మా ఇంట్లో, లెక్కల టీచరైన మా అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఎక్కడెక్కడి పిల్లలవో భిన్నాల జవాబులు ఆన్‌లైన్‌లో దిద్దుతుంటే, చూపు సరిగా ఆనకపోయినా పాత అలవాటు ఊరుకోనివ్వక వెనక నిలబడి తొంగిచూశాను. ఒక జవాబు సరిగ్గానే ఉంది గానీ స్టెప్పులు లేవు. అమ్మాయి సున్నా నొక్కేసింది. నా మనసు కలుక్కుమంది, ఎందుకంటే అలాంటి సున్నా ఒకటి నేనూ వేశాను.

అప్పట్లో ఇక్కడికి దగ్గర్లోనే ఒక ఇండియన్ స్కూల్లో ఆరో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. నా ఎర్ర పెన్నంటే పిల్లలకు హడలు, అది నాకు కాస్త గొప్పగా కూడా ఉండేది. ఆ ఏడు పెద్ద పరీక్షలో, తోటలో కోసిన ఖర్జూరాల్లో మూడింట రెండు వంతులు బుట్టలకెత్తి, అందులో నాలుగో వంతు పొరుగింటికి ఇస్తే మొత్తం కోతలో ఎంత ఇచ్చినట్టని అడిగాను. ఒక నర్సమ్మ కూతురు ఆరో వంతని జవాబొక్కటే రాసి ఊరుకుంది. పక్కమ్మాయి పేపర్లో స్టెప్పులన్నీ ఉండటంతో, ఈ పిల్ల చూసి రాసిందని తేల్చేసి సున్నా చుట్టాను. దాంతో మూడు మార్కుల తేడాతో తప్పింది. ఈసారి తప్పితే భీమవరంలో అమ్మమ్మ దగ్గరికి పంపేస్తానని వాళ్లమ్మ నాతో ముందే చెప్పి ఉంది, అయినా నా పెన్ను ఆగలేదు.

పేపర్లు పంచిన రోజున ఆ పిల్ల కళ్లనిండా నీళ్లతో నా బల్ల దగ్గరికొచ్చి, "చూసి రాయలేదండి టీచర్, మడతెట్టి చూశానండి" అంది. డ్యూటీకి వెళ్లేముందు వాళ్లమ్మ ఖుబూస్ రొట్టెను అలాగే మడిచి పిల్లలకు వాటాలు గుర్తుపెట్టి వెళ్లేదట. పేపరు వెలుతురుకి పెట్టి చూస్తే, చివరి పేజీలో నిలువునా మూడు, అడ్డంగా నాలుగు వంతులుగా మడిచిన చారలు కనిపించాయి. పన్నెండు గళ్లలో బుట్టలకెత్తినవి ఎనిమిది, అందులో నాలుగో వంతు రెండు, అంటే మొత్తంలో ఆరో వంతే. నేను వెతికిన స్టెప్పులన్నీ అక్కడే ఉన్నాయి. పేపర్ల కట్ట సర్దుతూ ఆ మడతల్ని అరచేత్తో సాపు చేసింది నేనే. తప్పు నాదని క్లాసందరి ముందూ ఒప్పుకుని, సున్నా కొట్టేసి ఆ లెక్కకున్న నాలుగు మార్కులూ వేశాను. పిల్ల వాళ్లమ్మ దగ్గరే ఉండిపోయింది.

మా అమ్మాయికి ఇదంతా చెప్పి, ఇప్పుడు నువ్వు సున్నా వేసిన పిల్లని ఒక్కసారి పిలిచి అడగవే అన్నాను.

"ఎవరని పిలవనమ్మా? నాకు కనపడేది నంబరేగా!" అంది మా అమ్మాయి.

నిజమే, దాని తప్పేముంది. కట్టలు మోసే బాధా లేదు, చేతికి ఎర్ర సిరా అంటుకునేదీ లేదు. అయినా అది టీ పెట్టడానికి లేచి వెళ్లాక, ఆ సున్నా పక్కన తెర మీద వేలితో తడిమి చూశాను. నున్నగా ఉంది. ఈ జవాబు రాసిన పిల్ల ఎక్కడ కూర్చుని ఏం మడిచిందో గానీ, కళ్లనిండా నీళ్లతో రావడానికి తనకు బల్ల కూడా లేదు కదా అని దిగులేసింది.