వంగని వేలు

నా కుడిచేతి ఉంగరపు వేలు వంగదు. దాన్ని చూసి జాలిపడేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. అన్నం కలుపుకుంటాను, జడ వేసుకుంటాను, తిక్కరేగితే ఆ చేత్తోనే చెంప మీద ఒకటి ఇవ్వగలను. ఇంకేం కావాలి?

కలకత్తా దగ్గర బడ్జ్ బడ్జ్‌లో ఒక జూట్ మిల్లులో గోనెసంచులు కుట్టేదాన్ని. అమ్మ ముప్ఫయ్యేళ్లు కూర్చున్న చోటది. ఆవిడ మానేశాక నాకొచ్చింది. అప్పట్లో మా మిల్లులో అంతే, చోటు ఇంట్లో ఒకరి తరవాత ఒకరికి వచ్చేది. ఒకరోజు పొద్దున్నే గోనెపట్ట కోసే మిషన్ పక్కన కాలు జారింది. ఆసరా కోసం చాచిన చేయి బ్లేడు మీద పడి, మణికట్టు నుంచి ముంజేయి సగందాకా చీలిపోయింది. ఎవరో గోనెగుడ్డ బిగించి కట్టి, లారీ ఎక్కించి, కలకత్తా పెద్దాసుపత్రికి చేర్చారు.

చంకలో సూది గుచ్చి చేయి మొద్దుబార్చారు గానీ నిద్రపుచ్చలేదు. మధ్యలో గుడ్డ అడ్డం కట్టారు కాబట్టి ఏమీ కనబడలేదు, అన్నీ వినబడ్డాయి. వేళ్లను వంచే తాళ్లలాంటివి ఉంటాయట, తెగితే అవి ముంజేతి లోపలికి జారిపోతాయట. డాక్టరమ్మ ఒక్కొక్కదాన్నీ వెతికి బయటికి లాగి, ఏ కొస దేనిదో చూసుకుని కుట్టింది. మధ్యలో కరెంటు పోయింది. ఆ రోజుల్లో అది వింతేం కాదు. జనరేటర్ అందుకునేదాకా ఆవిడ చేతులు కదల్చకుండా నిలబడి, భయంగా ఉందా అని బెంగాలీలో అడిగింది.

"కుట్టేది మీరు, భయం నాకెందుకు?" అన్నాను.

నేను సంచులు కుట్టేదాన్నని తెలిసి నవ్వింది. "అయితే నా కుట్టు బాగోలేకపోతే నువ్వే చెప్పాలి" అంది. ఆ మాటతో ఆవిడ మీద నాకు గురి కుదిరింది.

మణికట్టు కిందికి వంచి పిండికట్టు వేశారు. గోళ్లకు కొక్కేలు అంటించి, రబ్బరుబ్యాండ్లతో మణికట్టు దగ్గరికి కట్టారు. వేళ్లు నేను చాచాలి, రబ్బరు వాటిని వెనక్కి లాగాలి. ఆరు వారాలు ఎవరూ వాటిని పట్టి లాగకూడదు. డాక్టరమ్మ హిందీలో రెండుసార్లు చెప్పింది. అమ్మ రెండుసార్లూ తలూపింది గానీ వినలేదు.

అమ్మకు హిందీ రాక కాదు, నమ్మకం లేక. మా శ్రీకాకుళం వాళ్లకు చేయి బెణికినా, పట్టేసినా ఆముదం కాచి, రుద్ది, సాగదీయడమే మందు. మూడోవారం ఒక మధ్యాహ్నం నేను మాత్ర మత్తులో ఉండగా ఆవిడ రబ్బర్లు విప్పింది. నూనె రాసి, ముడుచుకున్న ఉంగరపు వేలిని నిటారుగా లాగింది. లోపల టప్పుమంది. ఆ నొప్పికి లేచి కూర్చున్నాను.

"ఏటి సేసినావే అమ్మా!"

"ఏలు కొంకర్లు పోతందే. సూస్తా ఊరుకోమంతావేటి?"

మర్నాడు డాక్టరమ్మ చూసి, మిగతా మూడూ నిలిచాయి, ఇది మాత్రం తెగిపోయిందని చెప్పింది. మళ్లీ కోయాలి, ఇంకో చోటి నుంచి తాడు తెచ్చి అతకాలి, నెలలు పడుతుందంది. అమ్మ మీద విరుచుకుపడబోతే నేను అడ్డుపడ్డాను. "మా అమ్మను తిట్టేపని నాది" అన్నాను. నిజంగానే నెలంతా తిట్టాను. ఎంత తిట్టినా ఆవిడ అన్నం కలిపి నా నోట్లో పెట్టేది. దాంతో నా కోపం ఇంకా పెరిగింది.

నెలలు ఆగితే నా చోటు పోతుంది. మూడు వేళ్లు చాలని రెండో ఆపరేషన్ వద్దన్నాను.

కట్టు తీశాక గోధుమపిండి ముద్ద పిసకడంతో మొదలుపెట్టి గోనెసూదికి వచ్చాను. వేళ్ల కొసల్లో స్పర్శ లేదు. సూది గుచ్చుకుంటే రక్తం చూసి తెలుసుకునేదాన్ని. ఏడ్చాను. ఏడుస్తూనే కుట్టాను. వంగని వేలితో సంచి అంచు అదిమిపట్టడం మెల్లగా అలవాటైంది.

ఒక ఆదివారం మా సర్దార్ ఇంటికి వచ్చాడు. కుట్టుపనిలోకి మనుషుల్ని పెట్టేది అతనే, మా వైపువాడే. నా చోటు మా అన్నయ్యకు రాసిన కాగితం తెచ్చాడు. అన్నయ్య పనిచేసే మిల్లు లాకౌటై ఏడాదైంది. యూనియన్ లీడరు కూడా ఒప్పుకున్నాడట. అన్నయ్య నా ముఖం వైపు చూడలేదు.

"ఆ సేత్తో నువ్వేటి కుడతావమ్మీ? సోటు ఇంట్లోనే ఉంటాది గదా, ఎక్కడికీ పోదు" అన్నాడు సర్దార్.

"పోయేది నాది గదేటి? నాను సంతకం ఎట్టను."

అతని ముందే కూర్చుని ఒక సంచి కుట్టి పడేశాను. రెండు చేతులతో కుట్టు లాగి చూశాడు. ఊడలేదు. సంచి పక్కన పెట్టేశాడు. అమ్మ వైపు తిరిగాడు. చోటు మొదట ఎవరిదో ఆ మనిషి వేలిముద్ర ఉంటే, నా సంతకం లేకపోయినా ఆఫీసులో నడిపిస్తానన్నాడు. సిరాడబ్బా మూత తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"నువ్వెయ్యప్పా. కొడుకు ముకం సూడు."

అమ్మ చూసింది. అన్నయ్యను చాలాసేపే చూసింది. ఆవిడకు కొడుకంటే ప్రాణం. తరవాత చేతిని చీరకొంగులోకి లాక్కుంది.

"దాని ఏలు నాను తెంపీసినాను. సోటు కూడా నా సేతే తెంపించీస్తారేటి? తీసీ నీ కాయితం."