కుర్చీ మీది తెల్ల తువ్వాల

వికారాబాద్ తాసీల్ ఆఫీసుల నేను నౌకరీ చేసినన్ని రోజులు, నేను గదిలకు పోంగనే పెద్ద సారు కుర్చీల నుంచి లేచి నిలబడేటోడు. ఒక్క సారు గాదు, బదిలీ మీద వచ్చిన ప్రతి సారూ అంతే. ఈ మాట తాండూరుల మస్తుమందికి చెప్పిన. నమ్మిన్రు. డెబ్బై అయిదేండ్లు నిండినంక ఇప్పుడు నిజం చెప్త. నేను చప్రాసీని. పొద్దుగాల కుర్చీ దులపనీకి పోతే సారు లేవక ఏం జేస్తడు?

ఆ కుర్చీ వీపు మీద తెల్ల టర్కీ తువ్వాల ఉండేది. వారానికోసారి ఉతికి, అంచులు సమానంగ వచ్చేటట్టు పరుచుడు నా పని. నిజాం కాలంల మా నాయిన గూడ అదే పని చేసిండు. సర్కారు మారింది, గోడ మీది ఫొటోలు మారినయి, తువ్వాల మాత్రం మారలె. రైతులు చెప్పులు బయట ఇడిచి, తలరుమాలు చేతుల పట్టుకొని నిలబడుడు మారలె. పని లేకున్నా సారు కాయితాలు తిరగేసుకుంట వాళ్లను నిలబెడితే, తలుపు కాడ నేను కోపంతోని పండ్లు కొరికేటోన్ని. కానీ ఆ కుర్చీ విరగాలని ఎన్నడు కోరుకోలె. నా వంతు ఎప్పుడొస్తదా అని చూసిన.

రిటైరైనంక వచ్చింది. తాండూరుల పెన్షనర్లమంత ఒక సంఘం పెట్టుకుంటే నన్ను అధ్యక్షున్ని చేసిన్రు. మొదటి మీటింగుకే సంచిల అసోంటి తెల్ల తువ్వాలే పెట్టుకొని పోయి నా కుర్చీ మీద పరిచిన. ఏటేటా ఎలక్షన్ పెట్టాలని మేమే రాసుకున్నం. పదకొండేండ్లైంది. ఒక ఏడు ఎండలన్న, ఒక ఏడు వానలన్న. మిగిలిన ఏండ్లు "నేనే ఉండాలనేటోళ్లు చేతులెత్తుండ్రి" అని ఒక్కొక్కరి మొఖం చూసుకుంట నిలబడ్డ. అట్ల చూస్తుంటే చెయ్యి ఎవడు దించుతడు? నాతోని మాట్లాడేటోళ్లు లేచి నిలబడుడు గూడ అలవాటైంది. నిలబడుమని నేను చెప్పలె. వద్దని గూడ అనలె.

మొన్న పంద్రాగస్టునాడు జెండా ఎగరేసి గంటసేపు ఉపన్యాసమిచ్చిన. తెల్లదొరలు ఎల్లిపోయిన దేశాలల్ల మళ్ల ఒక్కని పెత్తనమే ఎందుకు వస్తదని. పది దేశాల చరిత్ర చదివిన అన్న. చదివింది బస్టాండ్ల దొరికిన పాత పత్రికల పేజీన్నర. అయినా మంచిగనే చెప్పిన.

"దొరను ఎల్లగొట్టిన్రు గాని దొర బంగ్లాను ఎవ్వరు ఇడువలె. అదే జైలు, అదే లాఠీ. ఏలుడంటే గట్లనే ఉంటదని దొరను జూసే నేర్చుకున్నరు. ముందుగాల దేశం కుదురుకోనియ్యుండ్రి, ఎలక్షన్లు తర్వాత అంటరు. ఆ తర్వాత ఎన్నటికి రాదు!"

చప్పట్లు ఆగకముందే పెద్దేముల్ నుంచి షేర్ ఆటోల వచ్చే ఒకామె లేచింది. రిటైరైన నర్సు.

"మస్తు చెప్పినవ్ అన్నా. మరి మన ఎలక్షన్ ఎప్పుడు?"

ఎనుక ఎవరో కిసుక్కుమన్నరు.

"కూసో చెల్లె, మాట్లాడుదాం."

"పదకొండేండ్ల సంది కూసునే ఉన్న. తారీఖు చెప్పు, మళ్ల కూసుంట. ఈసారి నేను పోటీ చేస్త. చేతులెత్తుడు వద్దు, చిట్టీలు ఏద్దాం."

గబగబ జెండా దిక్కు తిరిగిన.

"అందరు లేవుండ్రి! జాతీయ గీతం!" అని నేనే అందుకున్న.

అందరు అటెన్షన్‌ల నిలబడ్డరు. ఇగ నడిమిట్ల వేరే మాట ఎవరు మాట్లాడుతరు? ఆమె గూడ నిటారుగ నిలబడి చివరిదాంక పాడింది, నా మీది నుంచి చూపు తియ్యకుంట. అయిపోంగనే "మీటింగ్ ఖతం, బూందీ తీస్కోండ్రి" అన్న. నాకు లాఠీ లేదు. ఉన్న దాన్నే లాఠీ చేసిన.

తర్వాతి నెల మీటింగుకు ఆమె రాలె. "కోపిష్టిది" అని అందరికి చెప్పిన. ఇంటికొచ్చి తువ్వాల నానబెట్టిన, ఉతకకుంటనే లేచిన.

మాఫీ అడగనీకి పెద్దేముల్ పోయిన. వాకిట్ల కుర్చీల కూసోని చాటల కందులు ఏరుతున్నది. నన్ను చూసి లేచి కుర్చీ జరిపింది. కూసున్న. చాయ్ తెచ్చిచ్చింది. సగం తాగినంక సోయికొచ్చిన: వాకిట్ల ఉన్న కుర్చీ అదొక్కటే. ఆమె గోడకు ఆనుకొని నిలబడ్డది.

"ముప్పయేండ్లు తలుపు కాడ నిలబడ్డవు గదన్నా," అన్నది, నేను చప్రాసీనని ముందే ఎరుకున్నట్టు. "నిలబడ్డోళ్ల కాళ్ల నొప్పి నీకు ఎరుక లేదా?"

"ఎరుకనే చెల్లె. అందుకే కుర్చీ ఇడువబుద్ధి గాలె."

లేచిన. మోకాళ్లు పట్టేసినయని చెప్పుకోవచ్చు. మోకాళ్లు బాగనే ఉన్నయి.

"వచ్చే నెల మొదటి ఆదివారం. చిట్టీలే. లెక్క నీ ముందటనే. తువ్వాల నేను ఇంటికి తీస్కపోత."

"నువ్వు పోటీ చేస్తవా?"

"చెయ్య."

ఆమె తల ఊపి, తన కుర్చీల కూసోని మళ్ల చాట అందుకున్నది. ఉండుమని ఒక్క మాట అనలె.

వాపస్ వచ్చేటప్పుడు ఆటోల పక్కనున్నాయనతోని, "మళ్ల నన్నే ఉండుమని చేతులు పట్టుకొని బతిమాలిన్రు, నేనే వద్దన్న" అని చెప్పిన.

ఎవ్వరు బతిమాలలె.