ఉస్తాద్ పంపిన ఫిల్మ్

మణుగూరులో వరద సైరన్లు తయారుచేసే చిన్న షెడ్డు ఒకటి ఉండేది. అక్కడ సర్క్యూట్ బోర్డుల నక్షాలు గీసే పెద్దమనిషిని అందరం ఉస్తాద్ అనేటోళ్లం. కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడును ఎటు తిప్పి అతకాలో ఆయన పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ మీద గీస్తే, హైదరాబాదులో బోర్డులు బిగించేటోళ్లు కళ్లు మూసుకొని అట్లనే అతికేటోళ్లు. అందుకే గీసినంక ఊపిరి బిగబట్టి, ఫిల్మును ఎండకు పట్టి చూసి, పక్క బల్ల కాడ పనిచేసే నా చేతిల పెట్టేటోడు.

"నా తప్పు నా కంటికి ముద్దుగ కనబడ్తది. నువ్వు చూడు, భాయ్."

ఆ రోజు నేను సారపాక బస్సుల కిటికీ సీటు కోసం కండక్టరుతో కొట్లాడిన పులి కథ చెప్తున్న. షెడ్డంతా నవ్వుతోంది. ఫిల్మ్ అందుకొని, చూడకుండనే "అవ్ ఉస్తాద్, అంతా బరాబర్" అన్న.

అందులో డయోడు గుర్తు ఒకటి తిరగబడి ఉంది. బోర్డులన్నీ అట్లనే తయారై వచ్చినయ్. ఒక్క సైరనూ కుయ్యనలేదు. వానలు మొదలైనయ్, ఏటి ఒడ్డు ఊర్లు సైరన్ల కోసం ఎదురుచూస్తున్నయ్. యజమాని అగ్గిమీద గుగ్గిలమైండు.

"గీసింది నేనే, సేఠ్" అన్నడు ఉస్తాద్. నా పేరెత్తలేదు. సాయంత్రానికి ఆయన కొలువు పోయింది.

బస్టాండుకు ఉరికిన. "ఉస్తాద్, నేనా రోజు ఫిల్మ్ చూడనే లేదు."

"ఎరుకే. తలకిందులుగ పట్టుకున్నవ్."

"మరి ఎరుకై గూడ హైదరాబాదుకు ఎందుకు పంపిన్రు?"

"కథ మధ్యల నిన్ను ఆపబుద్ధి కాలే" అని బస్సెక్కిండు.

ఎన్నో అబద్ధాలు అల్లినోణ్ణి. ఆయన చెప్పింది నిజమో, నా బరువు దించడానికి అల్లిందో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్న.