తల దాచుకున్న పాము

సబ్బుతో మూడుసార్లు కడిగినా ఆ కంపు నా చేతులను వదల్లేదు. ఈ ఉదయం ఖమ్మంలో మేము అద్దెకుంటున్న ఇంటి స్నానాలగదిలోకి చిన్న నీరుకట్టె పాము వచ్చింది. విషం లేనిది. పట్టుకెళ్లి కాలువలో వదిలేలోపే భయంతో నా చేతుల మీద కుళ్లిన చేపల్లాంటి వాసన వదిలింది. ఇంట్లోవాళ్లు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం కుళాయి దగ్గరే నిలబడిపోయాను. ముత్తయ్య పెద్దయ్య గుర్తొచ్చాడు.

పన్నెండేళ్ల కిందట నేను జూలూరుపాడు వైపు అడవిలో అటవీశాఖ బీట్ ఆఫీసరుగా చేరినప్పుడు ఆయన అక్కడ వాచర్. ఆయనకు యాభై దాటాయి, నాకు ఇరవై మూడు. బోనకల్ దగ్గర మిరప పండించే ఇంట్లో పుట్టినదాన్ని. పాము కనబడితే కర్ర కోసం వెతకడమే నాకు తెలుసు. మొదటి వారంలోనే దారిలో కనబడ్డ నాగుపాము మీదికి రాయి ఎత్తాను. ఆయన నా చేయి పట్టుకోలేదు.

"అదేం జేస్తదో ఒక్క నిమిషం చూడు మేడం. తర్వాత నీ ఇష్టం" అన్నాడు.

అది పడగ విప్పింది, బుసకొట్టింది, రెండుసార్లు మా వైపు విసురుగా ముందుకొచ్చింది. "నోరు తెర్వలే, చూసినవా? కర్వాలని గాదు. పొమ్మంటుంది, గంతే." మేము పది అడుగులు వెనక్కి వేశాం. అది పడగ దించి పొదల్లోకి వెళ్లిపోయింది. రాయి ఇంకా నా చేతిలోనే ఉంది.

ఆ తర్వాత రెండేళ్లు ఆయన వెనకే తిరిగాను. గద్ద, ముంగిస, నెమలి, మనిషి, ఇంతమంది శత్రువుల మధ్య చేతులూ కాళ్లూ లేని జీవం ఎలా బతుకుతోందో ఆయన ఓపిగ్గా చూపించేవాడు. రక్తపింజర టైరులోంచి గాలి పోతున్నట్టు బుసకొడుతుంటే దూరంగా కూర్చోబెట్టి వినిపించేవాడు. రెండు తలల పాము అసలు తలను చుట్ట కింద దాచి, మొద్దు తోకను పైకెత్తి ఆడిస్తుంటే, "తోక కొరికినా బతుకుతది. తల పోతే ఏముంటది?" అని నవ్వేవాడు. అప్పటికి నన్ను మేడం అనడం మానేశాడు. "కర్వడం దానికి ఆఖరి పని బిడ్డా. ఇంకే దారీ లేనప్పుడు."

మూడో ఏడు వానాకాలంలో ఆయన మనవరాలు స్వప్న చనిపోయింది. ఏడేళ్ల పిల్ల. నేల మీద చాప వేసుకుని పడుకుంది. తెల్లవారి లేచి కడుపునొప్పి అంది. ఒంటి మీద గాటేదీ కనబడలేదు. అజీర్తి అనుకుని వాము నీళ్లు తాగించారు. కనురెప్పలు వాలిపోతుంటే నిద్ర తీరలేదనుకున్నారు. ఊపిరి అందక ఎగబీలుస్తుంటే అప్పుడు ఆయన కొడుకు బండి మీద దవాఖానాకు బయలుదేరాడు. దారిలోనే ప్రాణం పోయింది. ముత్తయ్య ఆ రోజు నాతో లోపలి అడవిలో ఉన్నాడు. అక్కడ ఫోను పలకదు. మధ్యాహ్నం మేము తిరిగొచ్చేసరికి పిల్లను వాకిట్లో పడుకోబెట్టి ఉంచారు.

మర్నాడు నేనూ అక్కడున్నప్పుడు, ఇంట్లో వడ్ల బస్తాలు జరుపుతుంటే మూలన కట్లపాము బయటపడింది. అది కరిస్తే చాలాసార్లు గాటు కూడా కనబడదు. పదిమంది కర్రలతో చుట్టూ నిలబడ్డారు. పగటి వెలుతురులో అది కరవడానికి రాలేదు, పారిపోలేదు. చుట్టలు చుట్టుకుని, తల లోపల దాచుకుని ఉండిపోయింది.

"చంపు నాయినా! నీ చేత్తోనే చంపు!" కొడుకు అరిచాడు. "నా బిడ్డ కంటే అది ఎక్కువనా నీకు?"

ముత్తయ్య పాములు పట్టే కొక్కెం కర్ర పట్టుకుని దాని ముందు నిలబడ్డాడు. "పిల్ల నిద్రల దాని మీదికి పొర్లిందేమోరా..." అన్నాడు. కొడుకు గోడకు జారబడి కూర్చున్నాడు. అప్పుడు పెద్దయ్య ఆ కొక్కెం కర్ర తెచ్చి నా చేతికిచ్చాడు.

"నాకు చేతులు లేస్తలేవు బిడ్డా. నువ్వే తీస్కపో."

చంపమనలేదు, వదలమనలేదు. కట్లపామును ఒంటరిగా పట్టడం నాకదే మొదటిసారి. సంచిలో వేసి మూతి బిగించాను. నా ఒంటి మీది యూనిఫాం చూసి జనం దారిచ్చారు. వాగు దాటి చాలా దూరం నడిచాక సంచి మూతి విప్పాను.

ఆ తర్వాత ఆయన మళ్లీ ఏ పామునూ ముట్టుకోలేదు. సెలవు దొరికితే మాత్రం సైకిలు మీద గూడేలు తిరిగేవాడు. "పిల్లలు పొద్దున లేవంగనే కడుపునొప్పి అన్నా, రెప్పలు వాలినా, గాటు కోసం ఎతుక్కుంట కూసోకండ్రి. జల్దీ దవాఖానాకు తీస్కపోండ్రి" అని ఇంటింటికీ చెప్పేవాడు. కొందరు విన్నారు. సొంత పిల్లను కాపాడుకోలేనోడు మనకు చెప్తుండని వెనక అన్నవాళ్లూ ఉన్నారు. కొడుకు అదే ఇంట్లో ఉంటూ ఆయనతో మాట్లాడటం మానేశాడు.

పోయిన ఏడాది పెద్దయ్య ఊపిరితిత్తులు చెడి మంచం పట్టాడని తెలిసి ఒక సాయంత్రం వెళ్లాను. కోడలు టీ ఇచ్చి వెళ్లింది. వానల గురించి, కొత్త వాచర్ల గురించి మాట్లాడుకున్నాం. నేను లేవబోతుంటే నా వైపు చూడకుండా అడిగాడు.

"ఆ పామును సంపినవా బిడ్డా, ఇడ్సిపెట్టినవా?"

ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. ఏ జవాబు కోసం ఎదురుచూస్తున్నాడో ఆ ముఖంలో నాకు తెలియలేదు.

"ఇడ్సిపెట్టిన పెద్దయ్యా."

ఆయన గోడ వైపు తిరిగాడు. కాసేపటికి భుజాలు కదలడం చూశాను. మంచి పని చేశావనలేదు. ఎందుకు వదిలావనీ అనలేదు. నెల తిరగకుండానే పోయాడు.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు ఆయన నేర్పినవన్నీ నేర్పుతున్నాను. ఆయన పేరు చెప్పే నేర్పుతున్నాను. ఆ సాయంత్రం చంపానని అబద్ధం చెప్పి ఉంటే ఆయన ప్రశాంతంగా పోయేవాడా అన్నది మాత్రం ఎవరిని అడగాలో తెలియదు.