జలంధర్ చూడని చేయి

జలంధర్ వేళ్ళకు చదువు ఒక చైనా ముసలాయన దగ్గర అబ్బింది.

అది రెండువేల పదహారు. దోహాకు ఉత్తరాన ఇసుకలోంచి ఒక స్టేడియం కొద్దికొద్దిగా లేస్తున్న కాలం. మెట్‌పల్లి పక్క పల్లె నుంచి జలంధర్ ఖతార్ వచ్చి అప్పటికే పదకొండేళ్ళు. ఊళ్ళోవాళ్ళకు మాత్రం గల్ఫ్ అంతా దుబాయే. మెసయీద్‌లో పైపులు మోశాడు, రాస్ లఫాన్‌లో పరంజాలు కట్టాడు, ఇక్కడ పరంజా మేస్త్రీ అయ్యాడు. పక్క గ్యాంగులో వెల్డర్లకు పెద్ద హువాంగ్. చీనీ తాత అనేవారు అందరూ. ఎండకు పని ఆపే గంటల్లో అతను షెడ్డు నీడన కూర్చుని, తనవాళ్ళ మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకునేవాడు. గోడకు చెవి పెట్టి పక్కింటి మాటలు వింటున్నట్టు ఉండేది ఆ ముఖం.

ఆ నిశ్శబ్దం జలంధర్‌ను లాగింది. వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఇద్దరికీ కలిపి ఉన్న మాటలు ఇరవై కూడా కావు, అందుకని ముసలాయన వస్తువులతోనే పాఠం చెప్పాడు. బైండింగ్ తీగను బిగలాగి శిష్యుడి వేళ్ళ కింద పెట్టాడు, కోపాన్ని దిగమింగుకున్నవాడి నాడి అలా ఉంటుందని. తడిగుడ్డ కింద నానిన శనగలు దొర్లించాడు, అజీర్తి నాడి అని. ఒకరోజు ఇనుప తట్ట మీద వేలితో కొట్టాడు. మూడు దెబ్బలు, ఒక విరామం. మూడు దెబ్బలు, ఒక విరామం. ఆగిన చోట చేయి తన గుండె మీద పెట్టుకుని, తల అడ్డంగా ఊపాడు. ఆ పాఠానికి మాత్రం నవ్వలేదు.

ఒక్క విషయంలో కఠినుడు. రెండు చేతులూ చూడాలి, ముందు ఎడమది. ఎడమ మణికట్టు మీద చూపుడువేలు ఆనే చోటు గుండెకు ఇల్లు. జలంధర్ పొరపాటున కుడి చేయి అందుకుంటే వేళ్ళ మీద చరిచేవాడు.

ఏడాదిన్నరకు ముసలాయన తన దేశం వెళ్ళిపోయాడు. అప్పటినుంచి శుక్రవారం పొద్దున, చాయ్ తాగకముందే, క్యాంపు మెట్ల మీద జలంధర్ ముందు మనుషులు వరస కట్టారు. మొదటి శుక్రవారం అతను ఎడమ చేయి అడిగాడు. క్రేన్‌కు సిగ్నల్ ఇచ్చే గజేందర్ వరసలోంచి తల బయట పెట్టాడు.

“ఏందే జలంధరన్నా, మొగోనికి కుడి చెయ్యి, ఆడిదానికి ఎడమ చెయ్యి చూస్తరు. మమ్ముల గాజులేసుకొని రమ్మంటవా ఏంది?”

మెట్లన్నీ నవ్వాయి. ఆ వెనక ఉన్న పెద్దాయన ఎడమ చేయి చాపలేక, చాపకుండా ఉండలేక, చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. పెద్దలకైనా దేవుడికైనా ఎడమ చేయి ఇవ్వని ఊళ్ళవాళ్ళు వాళ్ళంతా. జలంధర్ కూడా అక్కడివాడే. మరుసటి వారం నుంచి కుడి చేయే పట్టుకున్నాడు. సగం పుస్తకమే చదువుతున్నానని అతనికి తెలుసు. ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఆ సగానికే పేరొచ్చింది. ఒకడికి కామెర్లు కళ్ళలో కనబడకముందే చెప్పి దవాఖానకు పంపాడు. దోహాలో ఉమ్ ఘువైలినా వైపు ఇళ్ళలో కారు నడిపే హనుమప్ప, రాయలసీమ మనిషి, బస్సెక్కి వచ్చి చేయి చూపించుకుని పోయేవాడు.

రెండువేల పద్దెనిమిది ఆగస్టులో ఒక శుక్రవారం నగేష్ ఆ వరసలోకి వచ్చాడు. కోరుట్ల వైపు కుర్రాడు, ముప్పై ఒకటో ఏడు, స్టీలు కట్టే పని. నాలుగు రోజులుగా రొమ్ములో ఏదో పట్టేసినట్టుందని, నిద్రలో చెమటకు లేస్తున్నానని చెప్పాడు. ఇంటి దగ్గర భార్య పుష్ప దవాఖానకు పొమ్మని పోరుతోంది. నగేష్‌కు దవాఖాన అంటే భయం. గుండె జబ్బని కాగితం మీద ఒక్క మాట పడితే కంపెనీ తిరుగు విమానం ఎక్కిస్తుందని ఎక్కడో విన్నాడు.

“నువ్వు పొమ్మంటే పోత అన్నా. నువ్వు మంచిగున్నదంటే పోను.”

జలంధర్ కుడి చేయి పట్టుకున్నాడు. నాడి లోతుగా, నెమ్మదిగా, చేనుకు పారే నీళ్ళలా ఒకే తీరున పోతోంది. చాలాసేపు విన్నాడు. రెండో చేయి కూడా అడగాలని వేళ్ళు లేచాయి. నగేష్ వెనక ఏడుగురున్నారు, వాళ్ళలో గజేందర్ పళ్ళు కనిపిస్తున్నాయి. వేళ్ళు దిగిపోయాయి.

“మంచిగున్నది. నీళ్ళు ఎక్కువ తాగు,” అన్నాడు.

సోమవారం తెల్లవారుతుండగా డ్యూటీ బస్సు హారన్ కొట్టింది. నగేష్ దిగి రాలేదు. పైకి వెళ్ళి లేపబోయినవాళ్ళు జలంధర్‌ను పిలిచారు. అతను మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఈసారి ఎవరినీ అడగకుండా ఎడమ చేయి అందుకున్నాడు. చూపుడువేలు దాని చోట ఆనింది. తాళం వేసిన ఇంటి తలుపు మీద చేయి పెట్టినట్టు ఉంది.

సహజ మరణమని కాగితం వచ్చింది. క్యాంపు క్లినిక్‌లో నర్సు భానుమతిని అడిగాడు జలంధర్, ఎడమ చేయి చూసుంటే తెలిసేదా అని. ఎటు పట్టుకున్నా కొట్టేది ఒకటే గుండె కదా అంది ఆమె, తన వైద్యంలో అంతేనని. నాడిలో తేడా లేకపోయినా ఆ రొమ్ము నొప్పికి దవాఖానకు పంపాల్సిందే కదా అని కూడా అంది. మొదటి మాట ఓదార్పుగా తీసుకుందామనుకున్నాడు, రెండోది తీసుకోనివ్వలేదు.

నగేష్ శవం ఉన్న పెట్టె ఊరికి చేరి, దినాలు అయిపోయాక పుష్ప ఫోన్ చేసింది. ఏడుపు అయిపోయిన గొంతు.

“శుక్రారం ఫోన్ల చెప్పిండన్నా. జలంధరన్న చూసిండు, మంచిగున్నదన్నడు, ఇగ నువ్వు దవాఖాన అనకు అన్నడు. నేను గూడ ఇగ అనలే.” తర్వాత అడిగింది. “మంచిగనే చూసినవా?”

అబద్ధం నోటి దాకా వచ్చింది. చీనీ తాత చరిచిన వేళ్ళు గుర్తొచ్చాయి.

“ఒక్క చెయ్యే చూసిన్నమ్మా. రెండు చూడాలె. సిగ్గుకు అడగలే.”

అవతల మేకల అరుపు, ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినబడ్డాయి. తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

“నాకు చెప్పినవు, మంచిదే,” అంది చివరికి. “ఇంకెవలకు చెప్పకు. మా అత్త తిండి మాని కూసున్నది. దుబాయ్‌ల నా కొడుకును ఎవలన్న అరుసుకున్నరా అని అడుగుతున్నది. ఫోనిస్త. రెండు చేతులు చూసిన్నని చెప్పు.”

వద్దనేలోపే ఫోన్ చేతులు మారింది. నగేష్ తల్లి గంగాబాయి ఊపిరి ముందు వినబడింది, తర్వాత మాట.

“బిడ్డా, మా నగేష్‌ను మంచిగ చూసినవా?”

“చూసిన్నమ్మా. రెండు చేతులు చూసిన.”

“ఏమున్నది బిడ్డా?”

జలంధర్ ఖాళీ అరచేతిని చూసుకున్నాడు.

“మంచిగనే ఉండెనమ్మా,” అన్నాడు.