ఐదో మాట అడిగిన సలోమీ ఆంటీ

మార్చి నెలాఖరులో, అమెరికాలో కమ్మింగ్‌లోని మా ఇంటి దగ్గర గ్రోసరీ స్టోర్ తలుపు దాటగానే లిల్లీ పూల వాసన గుప్పుమంటుంది. ఈస్టర్ కోసం కుండీల్లో తెప్పించి ముందువరసలో పెడతారు. మొన్న ఆ వాసనకి ఉన్నచోటే ఆగిపోయాను. అందరికీ అది పండగ వాసనేమో, నాకు మాత్రం సలోమీ ఆంటీ వాళ్ల చర్చి వెనకగది వాసన.

మాస్టర్స్ చదివే రోజుల్లో నేను ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేదాన్ని. ఆవిడ ఒంగోలు నుంచి వచ్చి, ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. నేను చేరేనాటికి ఆవిడ భర్త దానియేలు అంకుల్ పోయి ఏడాది కావస్తోంది. సాయంత్రం నడకకి వెళ్లిన ఆయన్ను, ఫోన్ చూసుకుంటూ కారు నడుపుతున్న ఒక అమ్మాయి గుద్దేసింది. ఆ సంగతి ఆంటీ నాకు ఒకే ఒక్కసారి, చారుకు పోపు వేస్తూ చెప్పింది. కేసు ఇంకా నడుస్తోందని కూడా అప్పుడే చెప్పి, మూత పెట్టేసింది.

మాది హనుమకొండ. మా నాయనమ్మ తెలియక ఏ పొరపాటు చేసినా తనే ఉపవాసం ఉండి, తనే తలస్నానం చేసి, తనే దీపం పెట్టుకునేది. అందుకే ఆంటీ ప్రార్థనలో ‘మా పాపాలకు ప్రాయశ్చిత్తమైనవాడా’ అన్నప్పుడల్లా నాకు ఎక్కడో తట్టుకునేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

“ఆంటీ, తప్పు ఒకరు చేస్తే ప్రాయశ్చిత్తం ఇంకొకరు ఎట్ల చేస్తరు?”

ఆవిడ సండే స్కూలు పిల్లలకి చెప్పినట్టే చెప్పింది. పూర్వం మనుషుల పాపానికి బదులుగా గొర్రెపిల్లను బలి ఇచ్చేవారట. చివరికి యేసే ఆ గొర్రెపిల్ల అయ్యాడట.

“దేవుడు ఊరికే క్షమిస్తే సరిపోదా? ఎవరో ఒకరు చచ్చిపోవాల్నా?”

“నేనూ చిన్నప్పుడు ఇదే అడిగా. మా నాన్న మొట్టికాయ వేశాడు. నువ్వు పెద్దదానివైపోయావు, మొట్టలేను,” అని నవ్వింది. ఆ నవ్వుతో నా ప్రశ్న దాటవేసిందనే అనుకున్నాను.

గుడ్ ఫ్రైడే దగ్గరపడింది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఆ రోజు ఏడుగురు మాట్లాడతారు. పాస్టర్ గారు ఫోన్ చేసి, మొదటి మాట ఆంటీకి ఇచ్చామన్నారు. తనను చంపుతున్నవాళ్లను క్షమించమని యేసు తండ్రిని వేడుకున్న మాట అది. స్పీకర్‌లో ఉంది కాబట్టి నాకంతా వినపడింది.

“ఆ మాట నాకొద్దండి పాస్టర్ గారూ. నా నోట అది అబద్ధం అవుద్ది. ఐదోది ఇవ్వండి.”

“సిలువ మీద ఆయన దాహమవుతోందన్న మాటా అమ్మా?”

“ఆ. అదైతే నాకు తెలుసు.”

ఆ శుక్రవారం నన్నూ రమ్మంది. అమెరికన్ చర్చి వాళ్ల హాలును తెలుగువాళ్లు మధ్యాహ్నాలు వాడుకునేవారు. నేను చివరి వరసలో కూర్చున్నాను. ఆదివారం కోసం తెచ్చిన లిల్లీలను నా వెనకున్న గదిలో దాచి తలుపు వేశారు. ముందు ఒక్క పువ్వు లేదు, వాసన మాత్రం ఆగలేదు. ఆంటీ తెల్లచీరలో మైకు దగ్గరికి వెళ్లింది.

“క్షమించమని అడిగినాయనకి గొంతెండిపోయింది. క్షమాపణ ఆయనకి మాటతో అయిపోలేదు, ఒంటి మీదకొచ్చింది. మా ఇంట్లో జరిగింది మీకందరికీ తెలుసు. నేనింకా మొదటి మాట దాకా రాలేదు. దాహం దాకా వచ్చాను. ప్రార్థన చేయండి,” అని వచ్చి కూర్చుంది.

కొన్ని వారాలకి కోర్టు. ఆంటీ కఠినశిక్ష కోరితే జడ్జి ఆ మాటకి విలువ ఇస్తాడని ప్రభుత్వ లాయరు ముందే చెప్పాడు. కారు నేనే డ్రైవ్ చేశాను. ఆవిడ ఏమి అడగబోతోందో నాకు తెలియదు. కోర్టు హాలులో ఆ అమ్మాయి తలొంచుకుని ఉంది. నా వయసే ఉంటుంది. వెనక బెంచీలో ఆమె తండ్రి. ఆంటీ లేచి, తన ఒంగోలు ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. ఈమె తప్పు చేయలేదని నేననను. నా భర్త లేడు, ఒక్కదాన్నే కూర్చుని అన్నం తింటున్నాను. ఈమె ఎన్నేళ్లు లోపలున్నా ఆయన కుర్చీ నిండదు. తక్కువ శిక్ష వేయండి, మిగతాది నేను మోసుకుంటాను.

శిక్ష పడింది, కానీ పడాల్సినంత కాదు. బయట ఆ తండ్రి ఆంటీకి ఎదురొచ్చి నిలబడ్డాడు. ఆవిడ అతని చేతిని ఒకసారి తాకి వచ్చేసింది.

“మిగతాది మోస్తానన్నరు. ఏంది ఆంటీ అది?” అని కారెక్కాక అడిగాను.

“కోపం. ఆ పిల్ల మీద తీర్చుకుంటే ఆమెకి పోద్ది. తీర్చుకోకపోతే ఎక్కడికి పోద్ది చెప్పు? నా దగ్గరే ఉంటది. ఊరికే క్షమిస్తే సరిపోదా అన్నావే, ఊరికే అనేది లేదమ్మాయ్. దెబ్బ ఎవరో ఒకరికి తగలాల్సిందే. తగిలించుకోడానికి ఆయన ఒప్పుకున్నాడు. సిలువంటే నాకు అదీ.”

“మీరు మోయలేకపోతే?”

“మోయలేనుగా. అందుకే ఆయన దగ్గరికి పోయేది. నీకు అర్థమైందా?”

“సగం.”

“నాకూ అంతేలే. పోనీ బండి.”

ఆ తర్వాత ఆవిడేమీ దేవతలా మారిపోలేదు. కొన్ని రోజులు గిన్నెలు సింకులో విసిరేది. “ఇవాళ బరువెక్కువగా ఉంది, పలకరించకు,” అనేది. ఆ అమ్మాయి విడుదలైనప్పుడు కూడా కలవడానికి వెళ్లలేదు. “కీడు కోరట్లేదు. ఇప్పటికి అది చాలు,” అంది. నిరుడు ఆంటీ నిద్రలోనే పోయింది.

నేను ఇప్పటికీ గుడికే వెళతాను. ఒకరి రక్తం ఇంకొకరి పాపాన్ని ఎలా కడుగుతుందో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకోవాలని మాత్రం ఉంటుంది. కానీ ఆఫీస్‌లో ఎవరో నా మీద అబద్ధం చెప్పారని తెలిసి, వాళ్ల పరువు తీసే మెయిల్ టైప్ చేశాక, ఇది ఎక్కడికి పోతుందని ఆగుతాను. ఒక్కోసారి పంపేస్తాను. ఒక్కోసారి చెరిపేస్తాను. చెరిపేసిన రోజు తేలిగ్గా ఉంటుందని అందరూ అంటారు గానీ, ఉండదు. సాయంత్రం దాకా గుండెలో ఏదో బరువుగా కూర్చుంటుంది. దాన్ని దించుకోకుండా ఇంటికి తెచ్చుకుని, అన్నం వండి, పిల్లలతో మామూలుగా మాట్లాడతాను. బలి అనే మాటలో నాకు బోధపడింది ఆ మేరకే.