సంగటి ముద్దకు స్టెప్ కటింగు

ముఖానికి ఒక ఆకారం ఉంటుందని, ఆ ఆకారాన్ని బట్టి జుట్టు దువ్వుకోవాలని ఆ రోజుల్లో మా ఇళ్లల్లో ఎవరికీ తెలియదు. ముఖమంటే పొద్దున లేచి కడుక్కునేది, జుట్టంటే ఆముదం రాసి, చిక్కు తీసి, కళ్లు పైకి పోయేలా లాగి జడ వేసేది. ఇంట్లో ఉన్న ఒక్క అద్దాన్ని నాయన గడ్డం గీసుకోవడానికి తన ఎత్తుకు మేకు కొట్టి తగిలించుకున్నాడు. దాంట్లో నాకు నుదురు, పాపిట మాత్రమే కనిపించేవి కాబట్టి మిగతా ముఖం సంగతి నేను పెద్దగా పట్టించుకోలేదు. (ఆ పని ఊరివాళ్లు చూసుకునేవారు.) మాది సోమందేపల్లె దగ్గర ఒక పల్లె. నా ముఖం బాగా గుండ్రం. గుండ్రమంటే చందమామతో పోల్చారేమో అనుకునేరు, మా వైపు గుండ్రం అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది రాగిసంగటి ముద్దే. నా చిన్నప్పుడు మా మేనమామ ఒకరోజు భోజనానికి కూర్చుని, పళ్లెంలో ముద్దనూ ఎదురుగా ఉన్న నన్నూ మార్చి మార్చి చూసి, నవ్వుకుని తిన్నాడట. అప్పట్నుంచి నేను ముద్దనయ్యాను. బళ్లో అసలు పేరే రాయించారు గానీ, ఊరంతా 'ముద్దా' అని పిలిస్తే నేనూ పలికేదాన్ని.

ఆ పేరుతో నాకు పేచీ మొదలైంది డిగ్రీ అయ్యాక, తొంభైల చివర్లో, సోమందేపల్లెలో హైవే పక్కనున్న ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో లెక్కల టీచరుగా చేరినప్పుడు. మొదటి రోజు కొత్త చీర కట్టుకుని గేటు దాటానో లేదో, ఆయమ్మ నా భుజం పట్టుకుని తీసుకుపోయి ప్రార్థనలో అమ్మాయిల వరసలో నిలబెట్టింది. టెన్త్ క్లాసు వాళ్లకు ఆ రోజు చీర కట్టుకుని రావడానికి ఏదో అనుమతి ఉందనుకుందట పాపం. నేను టీచర్నని చెప్పుకునేలోగా ప్రార్థన మొదలైంది కాబట్టి, చేతులు జోడించి పూర్తిగా పాడాల్సి వచ్చింది. తర్వాత మా హెడ్ మిస్ట్రెస్, ఆమెను అందరూ పెద్ద మేడమ్ అనేవారు, నన్ను గదికి పిలిపించి, నీ ముఖం చూస్తే పిల్లలకు భయం పుట్టదు, రేపట్నుంచి కొప్పు పెట్టుకుని రా, కాస్త వయసు కనిపిస్తుంది అని సలహా ఇచ్చింది.

పెట్టుకున్నాను. నూనె రాసి నున్నగా దువ్వి, బిగించి కొప్పు చుట్టుకుని, కాస్త వయసు కనిపిస్తోందనే నమ్మకంతో వారం రోజులు తిరిగాను. ఒక పొద్దున టెన్త్ క్లాసుకు వెళ్లేసరికి బోర్డు మీద రెండు సున్నాలు గీసి ఉన్నాయి. పెద్ద సున్నాకు కళ్లు, బొట్టు ఉన్నాయి. దాని వెనక ఆనుకుని ఉన్న చిన్న సున్నాకు హెయిర్ పిన్ను కూడా గుచ్చారు. కింద 'పెద్ద ముద్ద, చిన్న ముద్ద' అని రాసి ఉంది. (మా పల్లె పిల్ల ఒకతె ఆ క్లాసులోనే చదివేది. పేరు ఎలా చేరిందో వేరే విచారణ అక్కర్లేకపోయింది.) నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. డస్టరు పక్కన పెట్టి, ఆ రెండు సున్నాలకూ కలిపి ఒక స్పర్శరేఖ గీసి, కేంద్రాలు గుర్తించి, ఆ రోజు పాఠం మొత్తం ఆ బొమ్మ మీదే చెప్పాను. పీరియడు అయ్యేసరికి నవ్వేవాళ్లు ఎవరూ మిగల్లేదు. లెక్క అంత కష్టమైనది.

అయినా మనసులో ముల్లు దిగింది. దాన్ని తీసే పని మా హిందీ మేడమ్ నెత్తిన వేసుకుంది. ఆమె నాకంటే కాస్త పెద్దది, స్టాఫ్ రూములో నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు. బయటికి వస్తే బురఖా తీయదు గానీ, జుట్టు విషయంలో మా అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి. ఒక వారపత్రికలో అందం చిట్కాల పేజీ తెచ్చి నా ముందు పెట్టింది. గుండ్రటి ముఖం ఉన్నవాళ్లు నడి పాపిట తీయకూడదట, జుట్టు బిగించి వెనక్కి లాగకూడదట, నూనె పెట్టి తలకు అతికించకూడదట, కొప్పు అసలే పనికిరాదట. నేను పుట్టినప్పట్నుంచి చేసినవన్నీ ఆ చేయకూడనివాటిలో ఉన్నాయి. మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె నా నుదుటి మీది జుట్టు పైకి లేపి, పిన్నులు గుచ్చి పఫ్ పెట్టేది. అన్నేళ్ల ఆముదం ఊరుకుంటుందా, ఆఖరి పీరియడుకల్లా అది అణిగిపోయి నుదుటి మీదికి జారేది. ఇక కత్తిరించడమే దారి, హిందూపురంలో తనకు తెలిసిన పార్లరు ఉంది పదమంది.

ఇక్కడ మా అవ్వ గురించి చెప్పాలి. నాయనకు తల్లి, మా ఇంట్లోనే ఉండేది. నడుము దాటిన నా జడ ఆమె పెంచిన పంట. వాన ఎరుగని ఏళ్లవి. చెనిక్కాయ చేలు పూతలోనే మాడిపోయాయి, బోర్లు ఎండాయి, ట్యాంకరు వచ్చిన రోజు ఇంటింటికీ ఇన్ని కడవలని వంతు. అంత జుట్టుకు తలంటు పోయాలంటే ఎన్ని నీళ్లు కావాలో ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. అవ్వ తన స్నానం మానుకుని తన వంతు కడవ తెచ్చి నా తలమీద పోసేది. ఆమె జుట్టు ఎప్పుడో రాలిపోయి వేలెడంత పిలక మిగిలింది. అందుకని నా తలమీదున్న జుట్టు నాదా, అవ్వదా అనే విషయం మా ఇంట్లో తేలకుండానే ఉండిపోయింది. తేల్చుకునే ఉద్దేశంతోనే నేను ఆ శనివారం మధ్యాహ్నం, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా హిందూపురం బస్సెక్కాను.

పార్లరక్క నన్ను తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, రెండు అరచేతులూ నా బుగ్గలకు ఆనించి, గుమ్మడికాయ కొనేవాళ్లలా అటూ ఇటూ తిప్పి చూసింది. తల నుంచి కాళ్ల దాకా కనిపించే అద్దంలో నన్ను నేను చూసుకోవడం అదే మొదలు. చూస్తే నేనేమీ అంత చెడ్డగా లేను. ఆ మాట అనేలోపు ఆమె, మీది రౌండు ఫేసు, పైన ఎత్తు కావల్ల, పక్కల తగ్గల్ల, స్టెప్పులు స్టెప్పులుగా కత్తిరిస్తానని తీర్పు చెప్పి, నిజంగానే కత్తిరించమంటారా అని ఒకసారి అడిగింది. నేను కళ్లు మూసుకుని ఊఁ అన్నాను. జడ మొదట్లో కత్తెర పడినప్పుడు జొన్నదంటు నరికిన చప్పుడైంది. కాసేపటికి కళ్లు తెరిస్తే అద్దంలో ఎవరో కోలముఖం అమ్మాయి భుజాల దాకా మెట్లు మెట్లుగా జుట్టుతో కూర్చుని ఉంది. హిందీ మేడమ్ చప్పట్లు కొట్టింది.

ఆ కోలముఖం బస్సు కిటికీ దాకానే నిలిచింది. హైవే గాలి తగిలేసరికి మెట్లన్నీ కూలి, జుట్టు నలువైపులా పరుచుకుంది. సోమందేపల్లెలో దిగి ఫోటో స్టూడియో అద్దాల్లో చూసుకుంటే, సంగటి ముద్ద చుట్టూ గోంగూర పెట్టినట్టు ఉంది. ముఖం మునుపటికంటే గుండ్రంగా కనిపిస్తోంది. ఈ ముక్క నా నోటివెంట ఎవరూ వినకూడదని అక్కడే నిర్ణయించుకుని, తల ఎగరేసుకుని ఊళ్లోకి నడిచాను.

ఊరికి అందిన వార్త వేరు. తిరుపతికి మొక్కుకుని, సగం జుట్టే ఇచ్చి వచ్చిందని. దేవుని దగ్గర కూడా బాకీ పెట్టే పిల్లను ఎక్కడా చూడలేదని పక్కింటామె బుగ్గలు నొక్కుకుంది. అమ్మ చేటలో బియ్యం చేటలోనే వదిలి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇక నన్నెవరు చేసుకుంటారని ఆమె దిగులు. చేసుకునేవాడు జుట్టును చేసుకుంటాడా అన్నాను. దాంతో ఏడుపు ఇంకాస్త పెరిగింది. నాయన నన్ను ఒకసారి చూసి, ఎనుములకు నీళ్లు పెట్టారా అని ఎవరినీ అడగనట్టు అడిగి బయటికి వెళ్లిపోయాడు. అవ్వ మాత్రం అరుగు మీదనుంచి లేవకుండానే ఒక్క మాట అడిగింది.

"కత్తిరించుకున్నావు సరే. జుట్టు యాడ?"

పార్లర్లోనే ఉందన్నాను.

"ఆడ పడేసి వచ్చినావా? నా నీళ్లు తాగిన జుట్టు మే అది. నాకు కావల్ల."

మరుసటి రోజు ఆదివారం పొద్దున్నే అవ్వ నన్ను వెంటపెట్టుకుని హిందూపురం బస్సెక్కింది. పార్లరక్క నా జడను రబ్బరు బ్యాండు వేసి మేకుకు తగిలించి ఉంచింది. అవ్వ అడగ్గానే పేచీ లేకుండా తీసి ఇచ్చింది. కొట్లాటకు సిద్ధపడి వచ్చిన అవ్వకు అది కాస్త నిరాశ. వెళ్లబోతూ అద్దం చూసి ఆగిపోయింది. ఆమె అంత అద్దం ఎప్పుడు చూసిందో, అసలు చూసిందో లేదో. అక్క నవ్వి కుర్చీ చూపిస్తే వెళ్లి కూర్చుంది. కుర్చీ తిరిగితే రెండు చేతులా గట్టిగా పట్టుకుంది గానీ దిగలేదు.

"అవ్వా, మీదీ రౌండు ఫేసే. మనవరాలికి మీదే వచ్చిండాది" అంది అక్క.

అవ్వ అద్దంలో తన ముఖం చూసుకుంది, వెనక నిలబడ్డ నా ముఖం చూసింది.

"గుండ్రంగా ఉంటే ఏమి? ఇన్ని కరువులు ఈ ముఖంతోనే దాటినా. దీన్ని కోలగా చేసి ఎవరికి చూపియ్యల్ల?"

అక్క దువ్వెన తీసుకుని, అవ్వ పిలకను నెమ్మదిగా దువ్వి ముడి వేసింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన నేను ఎగిరే జుట్టు రెండు చేతులా అదుముకుని, తల వంచుకుని కూర్చుంటే అవ్వ నా గడ్డం కింద చెయ్యి పెట్టి పైకెత్తింది. "కత్తిరించుకున్నావు కదా. ఇంక తల దించొద్దు. దించితే తప్పు చేసినట్లుంటాది" అంది.

సోమవారం స్కూల్లో ఆ మాట పరీక్షకు వచ్చింది. పెద్ద మేడమ్ నన్ను చూసి, టీచర్లు ఇట్ల జుట్టు విరబోసుకుని వస్తే తల్లిదండ్రులు ఊరుకోరు, రేపు జడతో వస్తేనే క్లాసుకు, లేకుంటే ఇంటికే అని తేల్చేసింది. ఆ జీతం లేకపోతే చెనిక్కాయలు పోయిన ఆ ఏడాది ఇల్లు గడవడం కష్టం. సాయంత్రం అవ్వ ఆ జడను విప్పి, పాయలుగా తీసి, దారంతో బిగించి సవరం కట్టింది. నా జుట్టే మళ్లీ నాకు అరువు. స్కూలు రోజుల్లో నేను పెట్టుకోవాలి, ఆదివారం సంతకు పోయేటప్పుడు అవ్వ పెట్టుకోవాలి అని ఒప్పందం. (ఆదివారాలు నల్లటి జడ వేలాడేసుకుని సంతలో ఉల్లిగడ్డలు బేరం చేసే అవ్వను చూసి ఊరు నన్ను మరిచిపోయింది.)

పొట్టి జుట్టుకు సవరం ఎంతసేపు ఆగుతుంది? ఒకరోజు టెన్త్ క్లాసులో బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ చటుక్కున తిరిగాను. నేను తిరిగాను గానీ జడ తిరగలేదు. దబ్బున నేలమీద పడింది. ముందు బెంచీ అమ్మాయి పామనుకుని కాళ్లు పైకి లాక్కుంది. క్లాసంతా నా ముఖం చూస్తోంది. వంగి దాన్ని తీసుకుని, సుద్దపొడి దులిపి, ఇండియా మ్యాపు తగిలించిన మేకుకే తగిలించాను. కన్యాకుమారి దాటి కిందికి వేలాడింది. సుద్దముక్క తీసుకుని లెక్క దగ్గరికి వెళ్లబోతుంటే గుమ్మంలో పెద్ద మేడమ్ కనిపించింది.

"అది తీసి పెట్టుకో" అంది.

"పెట్టుకోను మేడమ్. లెక్క సగంలో ఉంది" అన్నాను. బోర్డు వైపు తిరిగి తర్వాతి మెట్టు రాశాను.

ఆమె కదలకుండా లెక్క పూర్తయ్యేదాకా నిలబడి చూసి వెళ్లిపోయింది. సాయంత్రం కబురొచ్చింది, రేపు మీ నాయనను తీసుకుని రా అని. ఉద్యోగం చేసే టీచరు తండ్రిని పిలిపించడం నేను మరెక్కడా వినలేదు. నాయన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. పెద్ద మేడమ్ క్రమశిక్షణ గురించి, జడ గురించి చెప్పినదంతా చేతులు కట్టుకుని విన్నాడు. ఇంటికి తీసుకుపోతాడనే అనుకున్నాను. జుట్టు కత్తిరించిన రోజునుంచి ఆ విషయం మీద నోరు విప్పని మనిషి, లేచి నిలబడి మర్యాదగా అన్నాడు.

"మీకు జడ కావల్లంటే మాయమ్మను పంపిస్తా మేడమ్. లెక్కలు కావల్లంటే పాపను పంపిస్తా. యాది కావల్లో మీరే చెప్పండి."

పబ్లిక్ పరీక్షలు దగ్గరికొచ్చిన సమయం. ఆ చుట్టుపక్కల ఇంకో లెక్కల టీచరు దొరకడం ఎంత కష్టమో నాకంటే ఆమెకే బాగా తెలుసు. చెవుల వెనక చెరో పిన్ను పెట్టుకుంటే చాలని రాజీకి వచ్చింది. (నేను ఒకటే పెట్టుకున్నాను.) బయటికొచ్చాక నాయన, బోండాలు తింటావా అని అడిగాడు. అంతకుమించి ఆ విషయం మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు.

ఆ స్కూల్లో పని చేసినన్నాళ్లూ నా జుట్టు భుజాలు దాటలేదు. అది నాకు నప్పలేదని మొదటి రోజునుంచీ తెలుసు. నప్పకపోయినా పెంచలేదు. పిల్లలు 'ముద్ద మేడమ్' మాని 'సవరం మేడమ్' అనడం మొదలుపెట్టారు, అదీ మంచిదే అనుకున్నాను.

ఇప్పుడు అనంతపురంలో ఉంటున్నాను. మొన్న దవడ పళ్లు తీయించుకున్నాక బుగ్గలు రెండూ లోపలికి పోయాయి. మా వీధి చివర సెలూన్‌కు వెళ్తే, మా అమ్మాయి వయసున్న పిల్ల ఒకతె నా ముఖాన్ని అరచేతుల్లో పట్టుకుని చూసి, మీది పొడుగు ముఖం మేడమ్, పక్కల నిండుగా కనిపించేలా కత్తిరిస్తాను అంది. ఒకప్పుడు ఆ మాట కోసం నేనెంత దూరం వెళ్లానో ఆ పిల్లకేం తెలుసు. అద్దంలో కూర్చున్న ఆ పొడుగు ముఖం మనిషిని కాసేపు చూశాను. నవ్వింది. నవ్వితే బుగ్గలు కొంచెం లేచాయి.

"లేదమ్మా, నాది గుండ్రటి ముఖం. దానికి తగ్గట్టే కత్తిరించు" అన్నాను.

ఆ పిల్ల అద్దం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, కత్తెర తీసుకుంది.